పెద్దబాపు నింపని గడి

పోయిన చలికాలం ఒక ఉదయం సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. రాజేశ్వరి టీచర్ నిద్రలోనే పోయిందని ఆమె కోడలు చెప్పింది. నేను జగిత్యాలలో బస్సు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో షామియానా విప్పుతున్నారు. ఆమె కూర్చునే కుర్చీని అప్పటికే ఎవరో లోపలికి జరిపేశారు. కోడలు ఇచ్చిన టీ నిలబడే తాగి, మళ్ళీ బస్టాండుకు నడిచాను. అప్పటి నుంచి నాకు ఒకచోట కుదురు లేదు. కూరగాయలు కోస్తూ కోస్తూ లేచి వీధిలోకి వెళ్తాను, ఎందుకు వచ్చానో తెలియక లోపలికి వస్తాను. పుస్తకం తెరిస్తే పేజీ దాటదు. వారం వారం ఒక వెబ్ పత్రికకు గళ్ళ నుడికట్టు కూర్చి పంపడం నేను ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పెట్టుకున్న పని. అదీ చాలా వారాలు కదల్లేదు. ఆ విద్య నాకు నేర్పింది ఆమె. కానీ నన్ను ఆమె గడప దాకా తీసుకుపోయింది మా పెద్దబాపు, అంటే మేం బాపు అని పిలిచే మా నాన్నకు అన్న. అదీ నేర్చుకోవడానికి కాదు, కొట్లాడడానికి.

మాది బుగ్గారం దగ్గర ఒక ఊరు. ఆ ఊరికి పెద్దబాపు దొర. మా ఇంటిని ఊరంతా గడి అనేది. నాకు పదిహేనేళ్ళప్పుడు, నేను జగిత్యాలలో ఉండి చదువుకుంటుండగా, ఇంటివాళ్ళందరూ ఆ గడికి తాళాలు వేసి వచ్చేశారు. బాపు జగిత్యాలలో ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు. పెద్దబాపు కోరుట్లలో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. ఊరెందుకు విడిచారని ఎవరడిగినా మా ఇంట్లో ఒకటే జవాబు ఉండేది. "కాలం బాగలేక అచ్చినం." ఆ మాట ఎంతగా విన్నానంటే, వానలు పడక వచ్చేశామని చాలా రోజులు నమ్మాను.

ఇంటర్‌లో లెక్కలు తప్పి, మళ్ళీ పరీక్ష కోసం ఎదురుచూస్తున్న ఏడాది నన్ను కోరుట్లకు పంపారు. పెద్దబాపుకూ పెద్దమ్మకూ పిల్లలు లేరు. ఇంట్లో ఒక మనిషి తిరుగుతూ ఉంటే వాళ్ళకు బాగుంటుందని బాపు అనుకున్నాడు. ఆ ఇల్లు మూడు గదులు, ముందు ఒక పొడుగాటి వసారా. పక్క వాటాలో ఆడవాళ్ళు పొద్దంతా బీడీలు చుట్టేవాళ్ళు. తడిపిన తునికాకు వాసన, ఆకును కత్తిరించే కత్తెర్ల చప్పుడు గోడ దాటి మా వంటింట్లోకి వచ్చేవి. పసుపు అమ్మకాల కాలంలో వీధంతా ఘాటుగా ఉండి, ఆరేసిన తెల్ల పంచెలకు కూడా ఆ రంగు అంటిందేమోనని పెద్దమ్మ మాటిమాటికీ చూసుకునేది. ఆమె చేతికి గడిలో వండిన అలవాటు పోలేదు. ముగ్గురికి చాలేంత అన్నం ఎంతో ఆమెకు ఎప్పుడూ తెలియలేదు. మిగిలిందాన్ని పచ్చిపులుసుతో సహా గోడ మీదుగా బీడీలు చుట్టేవాళ్ళకు అందించేది. వాళ్ళు కాసేపు చూసి తీసుకునేవాళ్ళు.

పెద్దబాపు కూర్చునేవాడు కాదు. తెల్లారి స్నానం చేసి, ఇస్త్రీ పంచె కట్టి, ఎక్కడికో బయల్దేరబోయే మనిషిలాగా తయారయ్యేవాడు. ఎక్కడికీ పోయేది లేదు. వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచేవాడు. గేటు చప్పుడైతే ఆగేవాడు. ఎవరూ కాకపోతే మళ్ళీ నడిచేవాడు. ఊళ్ళో ఆయన ఎదుట పొద్దంతా జనం నిలబడి ఉండేవాళ్ళు. ఏ పంచాయితీ అయినా ఆయన చెప్పిందే తీర్పు. ఇక్కడ కూరగాయల ఆమె కూడా ఆయన చెప్పిన ధర వినేది కాదు. ఆ వసారా నడకలో ఆయనకు దొరికిన ఒకే ఒక పని, ఆదివారం పేపరుతో వచ్చే గళ్ళ నుడికట్టు.

మామూలు నుడికట్టులో శిరస్సు అని ఆధారం ఇస్తే తల అని రాస్తాం, అయిపోతుంది. ఆయన్ని పట్టుకున్న రకం అది కాదు. అందులో "తీగ తిరగబడితే శిరస్సు" అని ఉంటుంది. తీగ అంటే లత, లతను తిప్పి రాస్తే తల. పైకి ఒక మాట చెబుతూ లోపల ఇంకో పని చేయించే ఆధారాలు. పేపరు కరీంనగర్ బస్సులో వచ్చేసరికి ఎండ వసారా సగం దాకా ఎక్కేది. నేను గడప మీద కూర్చుని ఆధారం చదివేదాన్ని, ఆయన నడుస్తూ వినేవాడు. జవాబు ఎప్పుడూ ఆయన మలుపు తిరిగే చోట వచ్చేది. పెన్సిలుతో రాయనిచ్చేవాడు కాదు. "పెన్సిల్ పట్టినమంటే మన మీద మనకే నమ్మకం లేనట్టు" అనేవాడు.

జవాబు చెప్పి ఊరుకునే మనిషి కూడా కాదు. నాతో వివరం చెప్పించేవాడు. ఒకసారి "ఎటు తిరిగి పడుకున్నా వచ్చే చిన్న నిద్ర" అని వచ్చింది. మూడు గళ్ళు. నేను వెంటనే కునుకు అన్నాను.

"ఎట్ల?" అన్నాడు.

"చిన్న నిద్ర అంటే కునుకే గద పెద్దబాపు."

"మరి ఎటు తిరిగి పడుకున్నా అని ఎందుకు రాసిండ్రు? ఉత్తగ రాయరు. ఒక్కొక్క మాటను పిలిచి అడుగాలె, నువ్వెందుకచ్చినవు అని."

నేను ఆలోచించి, కునుకు అనే మాటను ఎటు నుంచి చదివినా కునుకే అని చెప్పాను. అప్పుడు గాని రాయమనలేదు. పంచాయితీలో సాక్షులను పిలిచినట్టు మాటలను ఒక్కొక్కటిగా పిలవడం నాకు ఆయన దగ్గరే అలవాటైంది. ఇంకోసారి "చింతకాయను ఎటు నుంచి కొరికినా ఇదే రుచి" అని నేను చదువుతుండగానే వంటింట్లోంచి పెద్దమ్మ "పులుపు" అంది.

"నువ్వు చింతపండు పిసుక్కుంట చెప్తున్నవు" అన్నాడు పెద్దబాపు.

"ఏం పిసుక్కుంట చెప్తే ఏంది, చెప్పింది సరే గదా?" అంది ఆమె. ఆయన మరో రెండుసార్లు వసారా తిరిగి, సరేనన్నట్టు నా వైపు చెయ్యి ఊపాడు. ఆమె పేరు మీద ఒప్పుకోవడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడాది వానాకాలం నుంచి నుడికట్టు కింద కొత్త పేరు రావడం మొదలైంది. కూర్పు: రాజేశ్వరి, సిరిసిల్ల. ఆమె ఆధారాలు పెద్దబాపుకు నచ్చాయి. నచ్చాయని అనలేదు, నడక వేగం పెరిగింది. ఒక వారం "చెక్కిలికి తల లేని హారం తొడిగితే ఒక ఊరు" అని ఇచ్చింది. పెద్దబాపు వసారా మధ్యలోనే ఆగిపోయాడు. చెక్కిలి అంటే బుగ్గ, హారంలో హకారం పోతే ఆరం. బుగ్గారం. పేపర్లో మన పక్క ఊరు పేరు పడిందని ఆయన ముఖం వెలిగింది. కాసేపటికి ఆ వెలుగు పోయింది. "బుగ్గారం గురించి సిరిసిల్లల ఎవలకు పట్టింది?" అన్నాడు. ఆ తర్వాత వారాల్లో మా వైపు మాటలు ఇంకా వచ్చాయి. ప్రతి మాటకూ ఆయన ఒకసారి నవ్వి, ఒకసారి అనుమానపడేవాడు.

ఆ ఆదివారం వచ్చిన ఆధారం ఇది. "దొర ఖాళీ చేసింది, మనం నింపేది." రెండు గళ్ళు. అడ్డం మాట వల్ల మొదటి గడిలో గ అప్పటికే పడి ఉంది. చదివేటప్పుడే నాకు జవాబు తెలిసిపోయింది. గొంతు తగ్గించి చదివాను. పెద్దబాపు వినలేదేమో అనుకున్నాను గాని, ఆయన నడక ఆగింది.

"మళ్ళ సదువు."

చదివాను. "గది అయితదేమో పెద్దబాపు" అన్నాను. ఆయన ముఖం చూసి నాకు తోచిన మాట అది.

"గదిని మనమెందుకు నింపుతం? మనం నింపేది గడి" అన్నాడు. "దొర ఖాళీ చేసింది సుత గడినే."

రాయమంటాడని పెన్ను పట్టుకుని కూర్చున్నాను. రాయమనలేదు. మిగతా గళ్ళు కూడా ఆ రోజు పూర్తి కాలేదు. అన్నం సగంలో లేచాడు. రెండు మూడు రోజులు ఆ కాగితం వసారాలో కిటికీ దగ్గరే ఉంది. పోతూ వస్తూ దాన్ని చూసేవాడు, తీసేవాడు కాదు. చివరికి ఒక పొద్దున తయారై, ఈసారి నిజంగానే గేటు తీశాడు. "పా బిడ్డా, సిరిసిల్ల పోదాం. గా రాజేశ్వరి ఎవలో చూసొద్దాం." పెద్దమ్మ వద్దంది. ఆయన వినలేదు. ఒంటరిగా పంపడానికి భయపడి ఆమే నన్ను వెంట తరిమింది.

జగిత్యాలలో బస్సు మారి, వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరాం. దారి పొడుగునా ఆయన ఏమనాలో లోలోపల అనుకుంటూనే ఉన్నాడు, పెదవులు కదులుతున్నాయి. సిరిసిల్లలో దిగగానే నలువైపులా సాంచెల చప్పుడు. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. ఆ చప్పుడులో మనిషి మామూలుగా మాట్లాడితే వినపడదు, దొర గొంతైనా అంతే. పేపర్లో పజిలు రాసే ఆమె ఇల్లెక్కడని ఆయన ఒకటికి రెండుసార్లు గట్టిగా అడగాల్సి వచ్చింది. ఒక టీ కొట్టతను దారి చూపించాడు, పక్కనే స్కూల్లో పనిచేసే టీచరమ్మే అన్నాడు.

తలుపు తీసిన మనిషిని చూసి నేను ముందు గుర్తుపట్టాను. మా ఊరి బడిలో నాకు నాలుగో తరగతి చెప్పిన పంతులమ్మ. పిల్లలం పంతులమ్మ అనే పిలిచేవాళ్ళం, ఆమె పేరు రాజేశ్వరి అని నాకు ఆ రోజు దాకా తెలియదు. పెద్దబాపుకూ తెలియదు. ఆమెను మా ఊరి నుంచి పంపించేసింది ఆయనే. ఒక ఏడాది పంట బాగా పండి గడిలో చోటు చాలక, వడ్ల బస్తాలు బడిలో వేయించమన్నాడు. పిల్లలకు సెలవు ఇవ్వనని ఆమె చెప్పింది. బస్తాలు వచ్చాయి, కొద్ది రోజులకు ఆమెకు బదిలీ కాగితం వచ్చింది. మాకు చాలా కాలం సెలవులే. మేం బస్తాల మీద ఎక్కి ఆడుకున్నాం.

ఆమె ఆయన్ని చూసింది. "రండ్రి" అంది. దొర అనలేదు. కుర్చీ వేసింది. ఆయన అంచు మీద కూర్చున్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు గద, ఎక్కాలు పాడుకుంట చెప్పేదానివి" అంది. ఆ లెక్కల్లోనే తప్పి ఇంట్లో కూర్చున్నానని చెప్పలేక నవ్వాను.

"గా ఆధారం నా మీదనే రాసినవా?" అన్నాడు పెద్దబాపు. దారంతా కూర్చుకున్న మాటల్లో మిగిలింది అదొక్కటే.

"మీ మీద రాయాల్నంటే రెండు గళ్ళు సరిపోతయా?" అంది ఆమె. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టి వచ్చింది. ఆమె రాగానే ఆయన కోపం వదిలి ఆధారంలో తప్పు పట్టడం మొదలుపెట్టాడు.

"మా ఇల్లు గడీ, దీర్ఘం ఉంటది. నువ్వు నింపే గడికి దీర్ఘం లేదు. రెండు ఒకటెట్ల అయితయి?"

"దీర్ఘం తీసుడు మీ ఇంట్ల. ఊర్లె అందరు గడి అనే అంటుండిరి. గడికి పోతున్న, గడిల పనున్నది అని. మీరు ఇనలేదేమో."

ఆయన టీ కప్పు పక్కన పెట్టాడు. "సరే. మనం నింపేది అన్నవు. మీరు నింపుకుంటరు, నాకేం సంబంధం?"

"మేము అని రాయలే. మనం అని రాసిన" అంది ఆమె. "మేము అంటే మీరు బయట ఉంటరు. మనం అంటే మీరు సుత అండ్ల ఉన్నట్టే. మీరు ప్రతి వారం నింపుతరని తెల్వకనే రాసిన. నింపేటోళ్ళందరు మనమే గద."

మనం అని పెద్దబాపు ఒకసారి తనలో తాను చదువుకున్నాడు. మాటమాటనూ పిలిచి అడగాలని నాకు నేర్పిన మనిషి, ఆ ఒక్క మాటను పిలవడం మరిచిపోయాడు. సగం ఆధారం దగ్గరే ఆయన ఆగిపోయాడని నాకు అప్పుడర్థమైంది. ఆయన లేచి గుమ్మం దగ్గర నిలబడితే, బడిలో బస్తాల సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను. ఆమె కూడా అదే అనుకున్నట్టుంది, ఎదురుచూసింది. ఆయన చెప్పులేసుకుని, "పిల్లకు తీరిక ఉన్నది. గిది జర నేర్పు" అని నన్ను చూపించి బయటికి నడిచాడు. అంతకు మించి ఆయనతో కాలేదు. కోరుట్లకు వచ్చాక ఆ రెండో గడిలో అక్షరం రాయనేలేదు. కాగితాన్ని పెద్దమ్మ ఎప్పుడో పొయ్యిలో వేసింది.

అలా నేను తీరిక దొరికినప్పుడల్లా సిరిసిల్ల వెళ్ళడం మొదలైంది. టీచర్ నా లెక్కలు కూడా సరిచేసింది, ఆ పరీక్ష గట్టెక్కాను. నుడికట్టు కూర్చేటప్పుడు ఆమెకు ఒక పట్టింపు ఉండేది. "చదివెటోన్ని తిప్పలు పెట్టు, పక్క తోవల తిప్పు, ఏమన్న చెయ్యి. అబద్ధం మాత్రం చెప్పకు. విడిసినంక ఆధారం నిజమని వానికి అనిపియ్యాలె." నేను కూర్చిన మొదటి ఆధారాలన్నీ ఆమె కొట్టేసింది. తెలివి చూపించుకోవడానికి రాశానని తెలిసిపోయేదట. ఇంటికొచ్చి ఆమె ఏం చెప్పిందో వసారాలో నడుస్తున్న పెద్దబాపుకు చెప్పేదాన్ని. ఆయన ఔననేవాడు కాదు, కాదనేవాడు కాదు. వచ్చే వారం మళ్ళీ ఎప్పుడు పోతున్నావని మాత్రం అడిగేవాడు. కొన్నేళ్ళకు జగిత్యాల ఆస్పత్రిలో ఆయన పోయాడు. ఊరికి మళ్ళీ ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఇప్పుడు నా నుడికట్టు ఫోన్లలో నింపుతారు. తప్పు అక్షరం కొడితే గడి ఎర్రగా మారుతుంది, వారం దాకా ఆగాల్సిన పని లేదు. అనుమానం కూడా అక్కడికక్కడే తీరిపోతుంది, దాన్ని మోసుకుని బస్సెక్కే వాళ్ళు లేరు. మా గడి పైకప్పు సగం కూలింది. పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలు ఆ విరిగిన మెట్ల మీద నిలబడుతున్నారని బంధువులు చెబితే విన్నాను. ఫోటోలు బాగానే వస్తాయట. ఇవన్నీ మంచివో కావో తేల్చుకోవడం నా వల్ల కాదు. వసారాలో ఆ నడక ఎంత బరువో చూసినదాన్ని, ఆ బడిలో బస్తాల మీద ఆడుకున్నదాన్ని.

టీచర్ పోయిన తర్వాత చాలా వారాలకు, ఆమె పేరు వేసి, ఆ పాత ఆధారాన్ని నా కూర్పులో పెట్టాను. దొర ఖాళీ చేసింది, మనం నింపేది. మెచ్చుకుంటూ చాలామంది రాశారు. శుక్రవారం దుబాయి నుంచి ఒక అబ్బాయి ఫోను చేశాడు. అజయ్ అని, అక్కడ గోదాములో పనిచేస్తాడు, సెలవు రోజు నా గళ్ళు నింపుతాడు. ఇదివరకు కూడా ఆధారాల మీద నాతో వాదించినవాడే.

"మేడం, గీ ఆధారం తప్పు" అన్నాడు.

దీర్ఘం సంగతి అనుకుని వివరించబోయాను.

"గా దీర్ఘం సంగతి కాదు మేడం. దొర ఖాళీ చేసింది అని రాసిండ్రు. దొర ఖాళీ చెయ్యలే. ఖాళీ చేపిచ్చిండ్రు. ఊరోళ్ళంత గడి ముంగట కూసున్నరట, మా తాత సుత ఉండె. మాది బుగ్గారం దగ్గరనే."

ఊరి పేరు చెప్పాడు. మా ఊరే. కాలం బాగలేక అచ్చినం అనే మాట నోటి దాకా వచ్చింది, రానివ్వలేదు. ఆ రోజుల్లో ఉన్నదున్నట్టు రాస్తే పేపరు వేయదని టీచర్ ఖాళీ చేసింది అని సరిపెట్టుకుందా, లేక ఎక్కడైనా ఒక దొర కూడా నింపాలని మెత్తగా రాసిందా, అడగడానికి ఆమె లేదు. "అజయ్, నేను ఆ ఇంటి బిడ్డనే" అన్నాను.



"ఎరుకే మేడం, ఊర్లె చెప్పిండ్రు. గందుకే ఫోన్ చేసిన" అన్నాడు. "తాత ఉన్నడు ఊర్లె. బాగనే మాట్లాడుతడు. ఒక్కసారి అడుగుండ్రి."

మర్నాడు పోదామనుకున్నాను. మర్నాటి దాకా ఆగలేకపోయాను. మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి, ఊరు విడిచిన తర్వాత మొదటిసారి, వెళ్ళాను. ఆటోను గడి వైపు పోనివ్వలేదు. అజయ్ వాళ్ళ ఇంటి ముందు రేకుల కింద మంచం మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎవరి బిడ్డవని అడిగాడు. చెప్పాను. నన్ను పైనుంచి కిందికి చూసి, మంచం మీద కొంచెం పక్కకు జరిగాడు. ఆ రోజు గడి ముందు ఏం జరిగిందో చెప్పమన్నాను. ఆయన ఆ రోజు నుంచి మొదలుపెట్టలేదు. వాళ్ళ నాయిన మా ఇంటికి మొదటిసారి పనికి వచ్చిన నాటి నుంచి మొదలుపెట్టాడు. నేను చెప్పులు విడిచి, కాళ్ళు పైకి తీసుకుని కూర్చున్నాను.